ఊపిరిగంట

నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. హైమవతి తయారుచేసిన గంటకు పొగతో కూడా పనిలేదు. పొగ పైకి లేచి, సీలింగుకు బిగించిన డబ్బాలో దూరి, ఆ డబ్బా తీరిగ్గా ఆలోచించుకుని మోగేలోపు మెట్లదారి మూసుకుపోతుంది. బళ్లలో జరిగిన అగ్నిప్రమాదాలన్నీ తిరగేసి చూస్తే ఆమెకు తేలిందిదే. ఇంకొకటి కూడా తేలింది. ప్రతి ప్రమాదంలోనూ గంట మోగకముందే ఎవరో ఒక పిల్ల తలెత్తి, "టీచర్, ఏదో వాసనొస్తోంది" అని ఉంటుంది. ఆ పిల్ల మాట ఎవరూ పట్టించుకుని ఉండరు. పట్టించుకునే యంత్రం ఒకటి చెయ్యాలని హైమవతి పదేళ్లు ఆ పనిమీదే కూర్చుంది.

మనిషికి భయమేస్తే ఒళ్లు బిగుసుకుంటుంది. బిగుసుకున్న కండల్లోంచి ఒక ఆవిరి నెత్తురులో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. ఒక్క మనిషి ఊపిరిలో అది ఏ మూలకూ రాదు కానీ, గది నిండా ఉన్న పిల్లలు ఒక్కసారి ఉలిక్కిపడితే ఆ గదిలో గాలే మారిపోతుంది. గోడకు బిగించిన చిన్న తెల్లడబ్బా ఆ గాలిని పీల్చి చూస్తుంది. మారితే గంట కొడుతుంది. అందుకే దాన్ని ఊపిరిగంట అన్నారు.

మొదటి పరీక్ష బెజవాడలో ఒక మునిసిపల్ బడిలో జరిగింది. హైమవతితో పాటు లేబొరేటరీలో పనిచేసే ఇంజనీరు మస్తాన్ వలీ, హెడ్మిస్ట్రెస్ అనుమతి తీసుకుని, వరండా చివర తడి గోనెగుడ్డ ఒకటి ముట్టించాడు. లోపల పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తున్నారు. వల్లింపు ఇంకా ఆగలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి ముక్కు ఎగబీల్చింది, పక్కపిల్ల తల తిప్పింది, అంతే, గంట మోగింది. అరుపులతో పిల్లలంతా మైదానంలో పడ్డారు. సీలింగు మీది పాత డబ్బా మాత్రం ఇంకా నిద్రపోతూనే ఉంది.

చూడటానికి వచ్చిన పాత ఫైర్ ఆఫీసరు ఆ తెల్లడబ్బాను చేత్తో తడిమి చూశాడు. తర్వాత, "ఇది ఇరవయ్యేళ్ల కిందే ఉండుంటే బావుండేదమ్మా" అన్నాడు. ఆయన మోసుకొచ్చిన పిల్లలెవరో, ఏ బడివాళ్లో ఆమె అడగలేదు. ఆ రోజంతా ఆమెకు గర్వంగా ఉంది. ఉండాల్సిందే కూడా.

కొన్నాళ్లకు బళ్లకూ కాలేజీలకూ కొత్త నిబంధనలొచ్చాయి. పిల్లలుండే ప్రతి గదిలో ఊపిరిగంట ఉండాలి. బయటికి పోయే ప్రతి దారి దగ్గర చేత్తో లాగే అలారం పెట్టె ఉండాలి. మైకులో చెప్పే మాట ప్రతి మూలకూ వినపడాలి. టర్ముకోసారి డ్రిల్ చెయ్యాలి. తప్పుడు గంట నెలలో ఒకటీ అరా మించి మోగితే భవనానికి ఎన్ఓసీ రద్దు. ఈ చివరిది పెట్టమన్నది హైమవతే. నాన్నా పులి కథ తెలియనివాళ్లెవరు? గంట ఊరికే మోగుతుంటే నిజంగా మోగిన రోజున ఎవడూ లేవడని ఆ నిబంధనలు రాసిన కమిటీ ముందు గంటసేపు వాదించి మరీ ఒప్పించింది. ఊపిరిగంట పెట్టినచోట పాత పొగడబ్బాలు తీసేసుకోవచ్చని కమిటీ ఇంకో మాట కలిపింది. దోమల బిళ్లకూ అగరొత్తికీ కూడా మోగి చంపుతున్నాయవి, పోతే పోనీ అనుకున్నారు అందరూ. హైమవతీ అనుకుంది.

బెజవాడ శివార్లలోని మేధావర్ష రెసిడెన్షియల్ కాలేజీలో గంటలు పెట్టిన మొదటివారమే గోల మొదలైంది. ఆదివారం టెస్టు పెడితే గంట. ర్యాంకుల జాబితా అంటిస్తే గంట. ఫ్లోర్ ఇన్‌ఛార్జి మేడమ్ చెప్పుల చప్పుడు కారిడార్లో వినిపిస్తే గంట. నిప్పు ఎక్కడా లేదు. ఆ కాలేజీలో హైమవతి తమ్ముడి కూతురు చైత్ర ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. తమ్ముడికి నందిగామలో ఎరువుల దుకాణం. అతను ఫోన్ చేసి, "ఏంటక్కా, నీ గంట పిల్లల్ని చదువుకోనివ్వట్లేదంట. మా పరువు తీస్తన్నావు" అని నవ్వాడు.

ఇలాంటివాటికి నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. దాని పేరు స్థానిక సవరణ. వంటశాలలో ఎప్పుడూ కాస్త పొగ ఉంటుంది గనక అక్కడి పొగను సున్నాగా లెక్కేసుకున్నట్టే, ఏ భవనంలో గాలి మామూలుగా ఎంత ఉంటే అంత సున్నా అనుకోవచ్చు. హైమవతి, మస్తాన్ వలీ కొన్నాళ్లపాటు అక్కడి గాలిని కొలిచారు.

కొలతలు చూసి మస్తాన్ వలీ తల గోక్కున్నాడు. "మేడమ్, గోనెగుడ్డ కాల్చిన రోజున కూడా ఇంత లేదండి. ఈళ్లకి రోజూ ఇంతుంటంది."

"ఏసీ గదులు కదా మస్తాన్ గారూ. కిటికీ తియ్యరు. ఊపిరంతా పేరుకుపోయుంటుంది."

"అదేనంటారా?"

"ఇంకేముంటుంది?"

అతనూ అంతకంటే ఆలోచించలేదు. చదువుకున్నవాళ్లిద్దరు కళ్లెదుట అంకె పెట్టుకుని దానికి కారణం ఏసీ మీద తోసేశారు. తాము కూడా అలాంటి హాస్టళ్లలోనే చదివి ఇంజనీర్లయినవాళ్లు గనక వాళ్లకు అందులో వింత కనిపించలేదు. హైమవతి సవరణ కాగితం మీద సంతకం పెట్టింది. గంటలు నోరు మూసుకున్నాయి. ప్యానెల్ మీద పచ్చదీపం వెలిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అప్పటికింకా ఎవరికీ తెలియదు.

మార్చిలో ఒక ఆదివారం చైత్రకు ఔటింగ్ ఇచ్చారు. అత్త ఇంటికి వచ్చి తలంటుకుని, దోసకాయ పప్పూ వడియాలూ వేసుకుని తింటోంది. ఫ్రిజ్ మీద ఊపిరిగంట తొలి నమూనా ఒకటుంది. మామూలు ఇంటిగాలికి సరిపెట్టింది, ఒకరిద్దరు మనుషుల ఊపిరికి కూడా పలికేంత సున్నితంగా చేసింది. ఇంతలో చైత్ర పక్కనున్న అత్త ఫోన్ మోగింది. కాలేజీ నంబరు. నమూనా గంట గణగణమంది.

హైమవతి లేచి స్టవ్ చూసింది, సిలిండర్ చూసింది, స్విచ్చులు చూసింది. ఏమీ లేదు. గంట ఆపి వచ్చి కూర్చుంది. కాలేజీవాళ్లు పిల్ల సాయంత్రం వేళకు రావాలని గుర్తుచేయడానికి చేశారట. చైత్ర మళ్లీ ముద్ద కలుపుకుంది. గంట మళ్లీ మోగింది.

"పాడైనట్టుందే ఇది" అంటూ హైమవతి డబ్బాను పెరట్లోకి తీసుకెళ్లింది. ఊరుకుంది. లోపలికి తెచ్చింది, మోగింది. మళ్లీ పెరట్లోకి, మళ్లీ లోపలికి. చేతిలో డబ్బాతో గుమ్మంలో నిలబడి మేనకోడలి వంక చూసింది.

చైత్ర కంచం పట్టుకుని లేచింది. "సారీ అత్తా. నేను మేడమీద కూర్చుని తిననా? అప్పుడు మోగదేమో."

"కూర్చో. ఎందుకే అంత భయం?"

"భయమేం లేదత్తా. మామూలుగానే ఉన్నా."

ఆ మాట పిల్ల నిజాయితీగానే అంది. హైమవతి గంట ఆపి డబ్బాను బల్లమీద పెట్టేసింది. మామూలు. ఆ మామూలునే కొలిచి, దానికే సున్నా అని పేరుపెట్టి తాను సంతకం చేసింది. పక్కన కూర్చుని మెల్లగా అడిగితే పిల్ల చెప్పుకుపోయింది. సర్‌ప్రైజ్ టెస్ట్ అని మైకులో వినపడిందంటే రైటింగ్ ప్యాడ్ పట్టుకుని గ్రౌండులోకి పరిగెత్తాలట. వెనకబడ్డవాళ్ల ఇంటికి అందరి ముందూ స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తారట. చెబుతున్నంతసేపూ వడియం తింటూనే ఉంది, దాని కరకరల మధ్యే చెప్పింది. ఆ సాయంత్రం హైమవతి ఆపబోయింది గానీ, ఆలస్యమైతే నాన్నకు ఫోన్ వెళ్తుందని చైత్ర ఏడుపుమొహం పెట్టింది. తీసుకెళ్లి దింపి రాక తప్పలేదు.

తెల్లవారి లేబొరేటరీలో ఇద్దరూ కొలతలన్నీ మళ్లీ పరిచారు. మనిషి ఒంట్లోంచి వచ్చే ఆవిరికి ఒక హద్దుంది. ఎంత భయపడినా అంతకు మించి రాదు. మేధావర్ష సున్నా ఆ హద్దుకు ఆనుకునే ఉంది. మూతిదాకా నిండిన బిందెలో ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం మట్టం పెరుగుతుందా? ఆ భవనం తగలబడినా ఆ గంట మోగదు.

మస్తాన్ వలీ కుర్చీలో కూలబడ్డాడు. "పొగడబ్బాలు కూడా లేవు మేడమ్ అక్కడ."

"మీరు కమిటీకి ఫోన్ చెయ్యండి. నేను కాలేజీకి పోతున్నా" అంది హైమవతి. అప్పటికే కారు తాళం చేతిలోకి తీసుకుంది.

డీన్ పురుషోత్తం ఆమెను మర్యాదగానే కూర్చోబెట్టాడు, మజ్జిగ తెప్పించాడు. చెప్పిందంతా విన్నాడు.

"సవరణ తీసేస్తే ఏమవుతదండీ?"

"మోగుతానే ఉంటుంది."

"మోగితే ఎన్ఓసీ పోద్ది. పరీక్షల ముందు ఇంతమంది పిల్లల్ని నేనెక్కడ పెట్టాలి? సంతకం కూడా మీదే కదా హైమవతి గారు."

"నాదే. తప్పు చేశాను. పొగడబ్బాలైనా ఇవాళే పెట్టించండి. పెట్టేదాకా పిల్లల్ని ఇళ్లకు పంపెయ్యండి."

"ఇళ్లకా?" ఆయన నవ్వలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆమాత్రం భయం లేకపోతే ఎవరు చదువుతారండీ? మీరు చదవలేదా, నేను చదవలేదా?"

ఆయన ఆ మాట అంటుండగానే ఆమె ముక్కుకు ఏదో తగిలింది. కాలిన ప్లాస్టిక్ వాసన. డీన్ క్యాంటీనువైపు చెయ్యి చూపించబోయి ఆగిపోయాడు. క్యాంటీను అటు లేదు. గోడమీది ప్యానెల్ పచ్చగా వెలుగుతోంది. పై అంతస్తుల్లో వందలమంది పిల్లలు ఆ వాసన పీల్చి ఉంటారు, ఉలిక్కిపడి ఉంటారు, ఆ డబ్బాలు దాన్ని మామూలే అనుకున్నాయి.

హైమవతి మెట్లెక్కి పైకి పరిగెత్తింది. మూడో అంతస్తులో మూలనున్న స్టోర్ గది తలుపు కిందనుంచి నల్లటి పొగ వస్తోంది. లోపల ఏసీ తీగలు కాలుతున్న చిటపట. మెట్ల పక్కన చేత్తో లాగే అలారం పెట్టె ఉంది. దాని చుట్టూ ఇనుప జాలీ, జాలీకి తాళం.

"టెస్టు రోజుల్లో పిల్లలు లాగేస్తున్నారండీ, అందుకని" అన్నాడు వెనకే వచ్చిన డీన్. తాళంచెవి ఇన్‌ఛార్జి మేడమ్ దగ్గరుందట. హైమవతి గోడకున్న ఎర్ర సిలిండర్ ఊడబెరికి తాళం మీద మోదింది. రెండో దెబ్బకు జాలీ వంగింది. చెయ్యి గీరుకుపోతున్నా లోపలికి దూర్చి పిడి లాగింది.

గంటకు భవనమంతా దద్దరిల్లింది. ఆమె మెట్లకు అడ్డం తొలగి గోడకు ఆనుకుంది, పిల్లలు తొక్కేస్తారని. ఒక్కరూ రాలేదు. అంత గంటలోనూ అడుగుల చప్పుడన్నది లేదు.

రెండో అంతస్తుకు దిగి స్టడీహాలు అద్దంలోంచి చూసింది. వరసల్లో పిల్లలు. ఒక్కరూ తలెత్తలేదు. చెవులు మూసుకుని పుస్తకాల మీదికి వంగి పెదవులు కదుపుతున్నారు. కొందరి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కారుతున్నవి కారుతుండగానే చదువుతున్నారు.

"ఏంటిది? ఎందుకు లేవరు?"

"డ్రిల్‌కి టైం వేస్టవుతుందని... గంట కొట్టి, ఏకాగ్రత చూసేవాళ్లం. కదలని సెక్షన్‌కి మెచ్చుకోలు. తలెత్తినవాళ్లకి మార్కులు కోత." అన్నాడు డీన్.

హైమవతి కిందికి పరిగెత్తి మైకు గదిలోకి దూకింది. "భవనానికి నిప్పంటుకుంది, అందరూ కిందికి రండి" అని అరిచింది. పైన ఒక కుర్చీ కిర్రుమంది, అంతే. ఇది కూడా ఏకాగ్రత పరీక్షే అనుకున్నారు. డీన్ మైకు లాక్కుని అదే మాట చెప్పాడు. ఆయన గొంతు వినేసరికి ఆ కుర్చీ చప్పుడు కూడా ఆగిపోయింది. పొగ రెండో అంతస్తు కారిడార్లోకి దిగింది. పైన హాల్లోంచి దగ్గులు వినిపిస్తున్నాయి, దగ్గి మళ్లీ చదువుతున్నారు. ఇంతమంది కళ్లెదుటే పోతారనిపించింది ఆమెకు. అప్పుడు చైత్ర చెప్పింది మెదిలింది. మైకు తీసుకుంది. ఈసారి అరవలేదు, ఇన్‌ఛార్జి మేడమ్‌లా గొంతు బిగించింది.

"సర్‌ప్రైజ్ టెస్ట్. అన్ని సెక్షన్లూ గ్రౌండులోకి. వెనకబడ్డవాళ్ల పేరెంట్స్‌కి ఇప్పుడే ఫోన్."

మాట పూర్తికాకముందే భవనం కదిలింది. తలుపులు బద్దలైనట్టు తెరుచుకున్నాయి. మెట్లనిండా పిల్లలు, చంకల్లో ప్యాడ్లు, చేతుల్లో పెన్నులు, పొగలోంచి దగ్గుతూ, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ దిగిపోతున్నారు. ఇన్‌ఛార్జి మేడమ్ కూడా చెప్పులు వదిలేసి వాళ్లతో పరిగెత్తింది. నిప్పుకు లేవనివాళ్లను టెస్టు లేపింది. తాను కనిపెట్టిన దేనికంటేనూ ఆ అబద్ధం బాగా పనిచేసిందని హైమవతికి ఏడుపొచ్చింది.

గ్రౌండులో వాళ్లు ఎండలో వరసగా కూర్చున్నారు. మనిషికీ మనిషికీ మధ్య చేతి దూరం వదిలి, కాపీ కొట్టకుండా. వెనక భవనం పైన కిటికీల్లోంచి మంట కనిపిస్తోంది. ఒకరిద్దరు తిరిగి చూసి గబుక్కున తల దించుకున్నారు. ప్రశ్నపత్రాల కోసం ఎదురుచూస్తున్నారు. ఫైరింజన్ రింగ్ రోడ్డు మీదికి వచ్చిందని ఎవరో అన్నారు. హైమవతి వరసల మధ్య పరిగెత్తుతూ ఒక్కొక్క మొహమే చూసింది. చైత్ర లేదు.

చైత్ర సెక్షన్ పిల్ల హారికను భుజాలు పట్టుకుని కుదిపింది. "చైత్ర ఏదమ్మా?"

"టెస్టంటే దానికి కడుపులో నెప్పి వస్తది మేడమ్. రెండో ఫ్లోరు బాత్రూంలో గడేసుకుని కూర్చుంటది. పేరు పిల్చేదాకా రాదు." హారిక ఒక్క క్షణం ఆగి, "ఇన్‌ఛార్జి మేడమ్‌కి చెప్పకండి" అంది.

హైమవతి మళ్లీ లోపలికి పోయింది. ఎవరో చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకుని రెండో అంతస్తు ఎక్కింది. బాత్రూముల వరస చివర కిటికీ పగిలి ఉంది, దాని పుణ్యాన కాస్త గాలాడుతోంది. రేకు తలుపులు ఆ చివరనుంచి ఈ చివరకున్నాయి. ఆమె "చైత్రా" అని పిలిచింది.

ఒక తలుపు వెనక దగ్గు. "అత్తా?"

"టెస్ట్ లేదే. నేనే అబద్ధం చెప్పాను. నిజంగా నిప్పే. రా."

గడియ జారింది. చైత్ర తూలుకుంటూ వచ్చి మీద పడింది. ఆ పిల్లను గుండెకదుముకున్నాక గానీ హైమవతి మిగతా తలుపుల వంక చూడలేదు. అన్నీ మూసే ఉన్నాయి. ఒకటి తోసింది, లోపల గడియ. రెండోది తోసింది, లోపల గడియ. తన మేనకోడలొక్కతే అనుకుని వచ్చింది. అబద్ధం విని పరిగెత్తినవాళ్లున్నట్టే, అదే అబద్ధం విని దాక్కున్నవాళ్లూ ఉన్నారు.

"పేర్లు చెప్పు" అంది.

చైత్ర దగ్గుతూ చెప్పింది. దీక్షిత. షాహీన్. మౌళిక. హైమవతి ఒక్కొక్క తలుపు మీదా కొట్టి, పేరు పెట్టి పిలిచి, టెస్ట్ లేదమ్మా, టెస్ట్ లేదమ్మా అంటూ పోయింది. పేరు వినపడ్డ తలుపు తెరుచుకుంది. వచ్చిన పిల్లను వచ్చినట్టే చున్నీ తడిపి మొహాన చుట్టి, చైత్ర వెనక వంగి నడవమంది. పొగ నడుములదాకా దిగింది. ఇక చివరి తలుపొక్కటే మిగిలింది.

"ఇందులో ఎవరు?"

"కొత్తమ్మాయత్తా. నిన్ననే సెక్షన్ మారి వచ్చింది. పేరు తెలీదు, నంబరే తెలుసు."

నంబరు పెట్టి పిలిచేది ఇన్‌ఛార్జి. ఆ పిలుపుకు ఈ తలుపు తెరుచుకోదని ఇద్దరికీ తెలుసు. చైత్రను మెట్లవైపు తోసింది. పిల్లలు వంగి వంగి దిగిపోయిన చప్పుడు విన్నాక, భుజంతో తలుపును గుద్దింది. రేకు మోగింది తప్ప గడియ ఊడలేదు. మళ్లీ గుద్దింది. ఊపిరి అందక తలుపుకానుకునే కింద కూర్చుండిపోయి, సందులో నోరు పెట్టింది.

"తల్లీ, నీ పేరేంటో నాకు తెలీదు. నేను మేడమ్‌ని కాదు. చైత్ర వాళ్ల అత్తని. టెస్ట్ లేదమ్మా, తలుపు తియ్యి."

లోపల దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది ఆగాక ఒక సన్నటి గొంతు.

"నిజంగా లేదా?"

"నిజంగా లేదు."

గడియ మీద వేళ్లు పడిన చప్పుడైంది. అక్కడే ఆగిపోయింది. అంత పొగలోనూ ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తోంది.